సంతకాల బొంత: అపోహలు – వాస్తవాలు

ఉద్యోగ విరమణ, పెళ్లి, చదువు ముగిసి విడిపోతున్న తరగతి వంటి సందర్భాల్లో ఒక్కొక్కరి చేత ఒక్కో గుడ్డ ముక్క మీద సంతకం చేయించి, ఆ ముక్కలన్నిటినీ కలిపి బొంతగా కుట్టి ఇవ్వాలని చాలామంది ముచ్చటపడతారు. తిన్నగా కుట్టు వేయగలిగిన వారెవరైనా దీన్ని కుట్టగలరు. జాగ్రత్త పడవలసింది కుట్టు దగ్గర కాదు, సంతకాలు చేయించే దగ్గర. కుట్టు వంకరపోతే విప్పి మళ్లీ వేసుకోవచ్చు గానీ, సంతకం చెదిరిపోతే ఆ మనిషి చేత మళ్లీ చేయించే అవకాశం ఒక్కోసారి ఉండనే ఉండదు. ఈ పనిలో ఉన్నదానిగా నేను తరచుగా వినే అపోహలు దాదాపు అన్నీ ఈ తేడాను గుర్తించకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: పర్మనెంట్ మార్కర్ ఒకటి ఉంటే చాలు.

వాస్తవం: అట్టపెట్టెల మీద, సీసాల మీద రాసే మార్కర్లలో ఎక్కువగా ఉండేది ఆల్కహాలు వంటి ద్రావకంలో కరిగించిన రంగు. గాజు మీద, ప్లాస్టిక్ మీద అది ఆరి అక్కడే నిలుస్తుంది. గుడ్డ మీద అలా కాదు. ద్రావకం ఆరేలోగానే రంగును వెంటబెట్టుకుని దారం వెంబడి పాకిపోతుంది. అటువంటి ముక్కను భూతద్దం కింద పెట్టి చూస్తే, కలం క్షణం ఆగిన ప్రతిచోటా చిన్న నల్లచుక్క, దాని చుట్టూ పడుగు వెంట, పేక వెంట సాగిన సన్నని ముళ్లు కనిపిస్తాయి. కొంతకాలానికి అక్షరాల చుట్టూ పసుపు నీడ కూడా తేలవచ్చు, నలుపు ఊదాగానో గోధుమరంగుగానో వెలిసిపోవచ్చు.

గుడ్డ మీద రాతకు కావలసింది పిగ్మెంట్ సిరా. ఇందులో రంగు కరిగి ఉండదు, అతిసన్నని రేణువులుగా ఉండి, ఆరిన తరువాత నీటికి లొంగదు, వెలుతురుకు కూడా త్వరగా వెలవదు. సకురా వారి పిగ్మా మైక్రాన్ కలాలను బొంతలు కుట్టేవారు ఎక్కువగా వాడడానికి కారణం ఇదే. వాటిలో 01 సంఖ్య కలం గీత మందం 0.25 మిల్లీమీటర్లు, 05 సంఖ్య కలానిది 0.45 మిల్లీమీటర్లు. సంతకాలకు నేను 05నే ఇస్తాను, ఎందుకంటే 01 మొన మరీ సన్నగా ఉండి నేతలో చిక్కుకుంటుంది, ఒత్తి రాసేవారి చేతిలో అరిగి లోపలికి పోతుంది. అలాగని మరీ లావు మొన కూడా తెలుగు రాతకు పనికిరాదు. సున్నాలు, ఒత్తులు, గుడిదీర్ఘాల లోపలి ఖాళీ సిరాతో పూడిపోయి, సంతకం చదవరానిదైపోతుంది.

మరొక్క హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. రాసి చెరిపేసుకునే ఫ్రిక్షన్ రకం కలాలు సంతకాల బల్ల దరిదాపుల్లో ఉండకూడదు. వాటి సిరా సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వేడికి మాయమవుతుంది, అంటే ఇస్త్రీపెట్టె తగలగానే సంతకం పోతుంది. గీతలు గీసుకోవడానికి ఆ కలాన్ని వాడేవారు కూడా ఆలోచించుకోవాలి. సున్నకు దిగువన 10 డిగ్రీలు, అంతకంటే చల్లటి చోటికి బొంత చేరితే, పోయాయనుకున్న గీతలు తిరిగి తేలతాయి.

అపోహ: ఇస్త్రీ చేస్తే, లేదా ఉప్పునీళ్లలోనో వెనిగర్‌లోనో నానబెడితే ఏ సిరా అయినా నిలిచిపోతుంది.

వాస్తవం: గుడ్డకు తగిన సిరా అయితే వేడి దాన్ని మరింత గట్టిపరుస్తుంది. తగని సిరాను వేడి తగినదిగా మార్చలేదు. ఉప్పుకు, వెనిగర్‌కు ఈ సిరాల మీద ఏ ప్రభావమూ లేదు. సంతకం చేసిన ముక్కను ఒక రోజు ఆరనిచ్చి, ఆవిరి లేకుండా, నూలు బట్టకు తగిన వేడి మీద, వెనుకవైపు నుంచి, కింద తెల్లగుడ్డ పరచుకుని ఇస్త్రీ చేస్తే సరిపోతుంది. కలం మంచిదో కాదో తెలుసుకునే దారి ఒక్కటే: అదే గుడ్డ మీద రాసి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, రెండుగా కోసి, ఒక సగాన్ని సబ్బు వేసి గోరువెచ్చటి నీటిలో ఉతికి, రెండో సగం పక్కన పెట్టి చూడడం. సంతకాలు మొదలుపెట్టక ముందే ఈ పరీక్ష జరగాలి.

అపోహ: ఇంట్లో ఉన్న ఏ తెల్లగుడ్డ అయినా సరిపోతుంది.

వాస్తవం: నూటికి నూరు పాళ్లూ నూలు, దగ్గర నేత, లేత రంగు, ఈ మూడూ కావాలి. పాలియెస్టర్ కలిసిన గుడ్డలో సిరా అంత బాగా పట్టదు. మరీ చిక్కటి నేత ఉన్న దుప్పటి గుడ్డ మీద రాత అందంగానే వస్తుంది కానీ, తరువాత చేత్తో కుట్టేటప్పుడు సూది దిగక వేళ్లు నొప్పెడతాయి. కొత్తగుడ్డను తప్పక ముందే ఉతకాలి. మిల్లులో పట్టించిన గంజి, ఇతర పూతలు గుడ్డ మీద ఉన్నంతకాలం సిరా ఆ పూతకు అంటుకుంటుంది గానీ దారానికి కాదు. మొదటి ఉతుకులో పూతతో పాటు సంతకమూ పలచబడుతుంది. ముక్కల మధ్య వేసే రంగు పట్టీల గుడ్డకూ ఇదే నియమం. ముఖ్యంగా ముదురు ఎరుపు, ముదురు నీలం గుడ్డలను తడిపి తెల్లగుడ్డతో రుద్ది, రంగు దిగడం లేదని తేలాకే తీసుకోవాలి.

అపోహ: ముక్కలను సరిగ్గా కొలతకు కోసి సంతకాలకు ఇస్తే పని తేలిక.

వాస్తవం: నా అనుభవంలో ఎక్కువ సంతకాలు దెబ్బతినేది ఇక్కడే. కారణం గుడ్డ గురించి తెలియని మనిషి దాన్ని కాగితంలాగే చూడడం. కాగితం మీద అంచు దాకా రాసినా నష్టం లేదు. గుడ్డ మీద మాత్రం నాలుగు వైపులా పావు అంగుళం కుట్టు లోపలికి పోతుంది. ఇంటిపేరు చివరి అక్షరమో, సంతకం కింద లాగిన గీతో ఆ పావు అంగుళంలో ఉంటే, కుట్టాక అది ఇక ఎవరికీ కనిపించదు. పైగా, కొలతకు కోసిన ముక్క పదిమంది చేతులు మారేసరికి అంచులు పీచులు తేలి, ఐమూలగా లాగబడి, చదరం కాస్తా చదరం కాకుండా పోతుంది.

బొంతలో ఆరు అంగుళాల చదరంగా కనిపించవలసిన ముక్కను నేను ఎనిమిది అంగుళాలకు కోసి ఇస్తాను. మధ్యలో ఐదు అంగుళాల మేర మాత్రమే రాయనిస్తాను. సంతకాలన్నీ వచ్చి, ఇస్త్రీ అయ్యాక, రాత సరిగ్గా మధ్యకు వచ్చేటట్టు చూసుకుని ఆరున్నర అంగుళాలకు కోస్తాను. అప్పుడు కుట్టు పోగా, రాతకూ కుట్టుకూ మధ్య అర అంగుళం ఖాళీ మిగులుతుంది. ఎవరైనా హద్దు కొంచెం దాటినా అక్షరం దక్కుతుంది.

రాసే మేరను తెలియజెప్పడానికి గుడ్డ మీద గీతలు గీయనక్కరలేదు. ఒకవైపు ప్లాస్టిక్ పూత ఉండే ఫ్రీజర్ పేపర్‌ను ఐదు అంగుళాల చదరాలుగా కోసి, పూత ఉన్న వైపును గుడ్డ వెనుకకు ఆనించి ఇస్త్రీ చేస్తే అంటుకుంటుంది, తరువాత మరక లేకుండా ఊడివస్తుంది. కాగితం ఉన్నంత మేర గుడ్డ గట్టిగా ఉండి కలం కింద జారదు. మేర ఎక్కడ ముగిసిందో రాసేవారి చేతికే తెలుస్తుంది. మైనపు కాగితాన్ని దీనికి బదులుగా వాడకూడదు, దాని మైనం గుడ్డకు పడుతుంది. పిల్లల చేత రాయించేటప్పుడు పైవైపు నాలుగు అంచులకూ మాస్కింగ్ టేప్ కూడా అంటించి, ఆ రోజే, ఇస్త్రీకి ముందే తీసేయాలి.

రాసేవారికి ముందుగా పారేసే ముక్క ఒకటి ఇచ్చి రెండుసార్లు రాయనివ్వండి. గుడ్డ మీద కలం కాగితం మీద నడిచినంత వేగంగా నడవదు. నెమ్మదిగా, ఒత్తకుండా, మొన ఒకేచోట ఆగకుండా రాయాలని చెబితే, మూడోసారికి ఎవరి సంతకం వారికి వస్తుంది.

అపోహ: పేరు ఒక్కటే ఉంటే బొంత వెలితిగా ఉంటుంది, ప్రతివారూ ఒక సందేశం రాయాలి.

వాస్తవం: 1942లో సింగపూర్‌లోని చాంగీ చెరసాలలో జపాన్ సైన్యం నిర్బంధించిన స్త్రీలు ఒక్కొక్కరు ఒక్కో చదరం మీద తమ పేరును దారంతో కుట్టి బొంతలు చేశారు. ఆ ఆలోచన ఎథెల్ మల్వేనీ అనే కెనడా మహిళది. బొంతకు 66 చదరాలు. గాయపడిన సైనికులున్న ఆసుపత్రికి అవి చేరాలని, అక్కడ తమ భర్తలో, అయినవారో తమ పేరు చూసి, తాము బతికే ఉన్నామని తెలుసుకోవాలని వారి ఆశ. కొందరు పువ్వు కుట్టారు, కొందరు ఇల్లు కుట్టారు. కానీ కబురు మోసినది పేరే. ఆ బొంతలలో రెండు ఇప్పుడు ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్‌లో, ఒకటి బ్రిటిష్ రెడ్‌క్రాస్ దగ్గర భద్రంగా ఉన్నాయి.

సందేశం రాయాలని పట్టుబడితే, ఏమి రాయాలో తోచక ముక్కను ఇంటికి తీసుకెళ్లినవారిలో చాలామంది తిరిగి ఇవ్వరు. పేరు అడగండి. ఇంకేమైనా రాయాలనిపిస్తే వారే రాస్తారు.

అపోహ: రాసిన సంతకాల మీద దారంతో కుడితేనే అవి శాశ్వతం, అందం కూడా.

వాస్తవం: సిరాలు నమ్మదగనివిగా ఉన్న కాలంలో ఈ మాటలో నిజం ఉండేది. 1840ల నాటికి అమెరికా తూర్పు ప్రాంతాల్లో సంతకాల బొంతలు విరివిగా వచ్చాయి. ఆ రోజుల్లో ఇనుప లవణం, కరక్కాయ వంటి వాటిలో ఉండే టానిన్ అనే వగరు పదార్థం కలిపి చేసిన సిరాలు వాడుకలో ఉండేవి. ఆ ఇనుము, ఆ పుల్లదనం కలిసి నూలును తినేయడం వల్ల, కొన్ని పాత బొంతలలో పేరు ఉండవలసిన చోట పేరు ఆకారంలో చిల్లు మిగిలింది. నేటి పిగ్మెంట్ సిరాలకు ఆ దోషం లేదు కనుక, దారం ఇప్పుడు ఇష్టానికి సంబంధించినదే.

రెండు పోగుల దారంతో కాడ కుట్టు వేస్తే సంతకం అందంగా లేస్తుంది, ఒప్పుకుంటాను. కానీ దానితో ఒక నష్టం ఉంది. వణికే చేతితో పెద్దవారు చేసిన సంతకంలో గీత ఒకచోట సన్నబడి, ఒకచోట రెండుసార్లు తగిలి ఉంటుంది. అప్పుడప్పుడే రాయడం నేర్చిన పిల్లవాడి అక్షరం అటూ ఇటూ తిరిగి ఉంటుంది. కుట్టేవారి చేయి తెలియకుండానే వాటన్నిటినీ సరిచేస్తుంది, అందరి సంతకాలూ ఒకే మనిషి పెట్టినట్టు అవుతాయి. అందుకే ఎవరైనా కుట్టించమంటే, వారి పేరు వరకు వారే కుట్టగలిగితే కుట్టమని అడుగుతాను, లేకపోతే సిరానే ఉంచమంటాను.

అపోహ: ఎన్ని ముక్కలు వస్తే అన్నిటినీ కుట్టేయవచ్చు, లెక్క తరువాత చూసుకోవచ్చు.

వాస్తవం: ఆరు అంగుళాల చదరాలు 30 ఉంటే, అడ్డంగా ఐదు, నిలువుగా ఆరు పేర్చి, మధ్యలోనూ చుట్టూ రెండేసి అంగుళాల పట్టీలు వేస్తే 42 అంగుళాల వెడల్పు, 50 అంగుళాల పొడవు వస్తుంది. 35 వస్తే ఏడు వరుసలై పొడవు 58 అంగుళాలవుతుంది. 31 వస్తే ఏ వరుసకూ కుదరదు. అలా కుదరనప్పుడు ఎవరి ముక్కనైనా పక్కన పెట్టడం తగదు. తక్కువైన చోట సంస్థ పేరో, తేదీయో రాసిన ముక్కలు, లేదా ఉత్త రంగు ముక్కలు వేసి వరుస పూర్తి చేయండి. కుట్టు ముగిశాక వచ్చిన ముక్కకు వెనుకవైపు అడుగు గుడ్డ మీద గౌరవమైన చోటు ఉంటుంది. కుట్టడానికి ముందు ప్రతి ముక్కకూ ఫొటో తీసి ఉంచడం మాత్రం మరవవద్దు.

అపోహ: కుట్లు ఎంత దట్టంగా వేస్తే బొంత అంత గట్టిగా ఉంటుంది.

వాస్తవం: దూది పొర కదలకుండా ఉండేంత కుట్టు చాలు. పేరు మీదుగా పోయే కుట్టు అక్షరాన్ని చీల్చినట్టు కనిపిస్తుంది. ముక్కకూ పట్టీకీ మధ్య ఉన్న అతుకులోనే కుట్టుకుంటూ పోతే సంతకాలు చెక్కుచెదరవు. అయితే అప్పుడు కుట్టుకూ కుట్టుకూ మధ్య ఆరు అంగుళాల ఎడం ఉంటుంది కాబట్టి, ఎనిమిది అంగుళాల ఎడమైనా తట్టుకునే రకం దూది పొరను ఎంచుకోవాలి. ఆ కొలత పొట్లం మీదే రాసి ఉంటుంది.

అపోహ: జ్ఞాపికగా ఇచ్చిన బొంతను ఉతకకూడదు, ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి దాచాలి.

వాస్తవం: పైన చెప్పిన పద్ధతిలో చేసిన బొంతను బ్లీచ్ లేకుండా, చన్నీళ్లలో, తేలికపాటి సబ్బుతో ఉతికి, నీడపట్టున పరిచి ఆరవేయవచ్చు. దానికి అసలు శత్రువులు వెలుతురు, చెమ్మ, ఎప్పుడూ ఒకే చోట పడే మడత. ప్లాస్టిక్ సంచి చెమ్మను లోపలే పట్టి ఉంచుతుంది. చెక్కపెట్టెలో నేరుగా పెడితే, చెక్క నుంచి వచ్చే ఆమ్లం తగిలిన చోట గుడ్డ గోధుమరంగుకు తిరుగుతుంది. ఉతికిన నూలు దిండుగలీబులో పెట్టి, కొన్ని నెలలకొకసారి తీసి మడతలు మార్చి పెట్టడం మేలు. గోడకు వేలాడదీసేవారు ఎండ తగలని గోడను ఎంచుకోవాలి. కప్పుకునేవారు నిశ్చింతగా కప్పుకోవచ్చు.

అపోహ: పేర్లన్నీ ముందువైపే ఉన్నాయి కనుక వేరే వివరాలు రాయనక్కరలేదు.

వాస్తవం: సంతకం చేసినవారిని ఎరిగినంతకాలమే సంతకం చదవగలం. ఒక తరం గడిస్తే అది మెలికలు తిరిగిన గీత మాత్రమే. ఎవరి కోసం, ఏ సందర్భంలో, ఏ ఊరిలో, ఏ సంవత్సరం చేశారో, వరుసల క్రమంలో ఎవరెవరి పూర్తి పేర్లు ఏమిటో, ఎవరు కుట్టారో ఒక గుడ్డ ముక్క మీద అదే పిగ్మెంట్ కలంతో విడివిడి అక్షరాల్లో రాసి, దాన్ని అడుగు గుడ్డకు, మూడు పొరలనూ (పైన సంతకాల ముక్కలు, మధ్యలో దూది, కింద అడుగు గుడ్డ) కలిపి కుట్టక ముందే, కుట్టేయాలి. అప్పుడు ఆ పొరలను పట్టి ఉంచే కుట్లలో కొన్ని దాని మీదుగా కూడా పోతాయి కాబట్టి, బొంతను విప్పకుండా దాన్ని ఊడదీయడం ఎవరి తరమూ కాదు.