నీటి లెక్కలు ఎలా చదవాలి?

నీటి కొరత మీద రాసిన చాలా పుస్తకాలు ఒకే లెక్కతో మొదలవుతాయి. భూమ్మీది నీటిలో 97.5 శాతం ఉప్పునీరు, మిగిలిన 2.5 శాతం మంచినీటిలో మూడింట రెండు వంతులు మంచుగా గడ్డకట్టి ఉంది. నిజమే. కానీ కొరతను అర్థం చేసుకోవడానికి ఇది పెద్దగా పనికిరాదు. సముద్రం ఆవిరై వాన కురుస్తూనే ఉంటుంది. కొరత వచ్చేది ఫలానా చోట, ఫలానా నెలల్లో. ఆ పేజీలు తిప్పేసినా ఏం పోదు. ఈ నీరు ఎక్కడి నుంచి వచ్చింది, వాడాక ఎటు పోయింది అన్నదే నేను ఏ రచనలోనైనా ముందు వెతికేది.

కిలో గొడ్డుమాంసానికి 15,400 లీటర్లు అనే అంకె మీ కంట పడే ఉంటుంది. ఒక వస్తువు తయారీకి మొత్తం ఎంత నీరు పట్టిందో చెప్పే 'నీటి పాదముద్ర' అనే కొలమానాన్ని 2002లో ప్రతిపాదించిన నెదర్లాండ్స్ శాస్త్రవేత్త ఆర్యెన్ హోక్‌స్ట్రా, ఆయన సహచరులు కట్టిన ప్రపంచ సగటు అది. అందులో 90 శాతానికి పైగా పచ్చిక మీద, మేత పంటల మీద పడిన వాన నీరే. ఆవు లేకపోయినా ఆ వాన పడేది, గడ్డి దాన్ని పీల్చుకునేది. ఎండిపోతున్న బోరు నుంచి తోడిన వంద లీటర్లు అంతకన్నా ఎక్కువ ఆందోళన పడాల్సిన విషయం. వాన నీటిని, తోడిన నీటిని విడదీయకుండా పెద్ద అంకె చూపించి భయపెట్టే రచనల్ని నేను నమ్మను.

స్వీడన్ శాస్త్రవేత్త మాలిన్ ఫాల్కెన్‌మార్క్ పేరుతో ప్రచారంలో ఉన్న కొలమానమూ ఇలాంటిదే. దేశంలో అందుబాటులో ఉన్న నీరు మనిషికి ఏడాదికి 1,700 ఘనపు మీటర్లకన్నా తక్కువైతే నీటి ఒత్తిడి, 1,000కి దిగితే కొరత. లెక్క సులువు, అందుకే అందరూ వాడతారు. అయితే దేశం మొత్తానికి ఏడాది సగటు తీస్తే వరదలూ ఎండాకాలమూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

వాడాక నీరు ఎటు పోయింది అనే రెండో ప్రశ్న ఇంకా చిక్కు. స్నానం చేసిన నీళ్లు మురుగ్గా మారి కాలువలో పడతాయి, శుద్ధి చేస్తే మళ్లీ వాడుకోవచ్చు. (ఊరు సముద్రపు ఒడ్డున ఉండి మురుగంతా అందులో కలిస్తే ఆ నీటి మీద ఆశ వదులుకోవాల్సిందే.) పైరు పీల్చిన నీరు అలా కాదు. ఆకుల నుంచి ఆవిరై గాలిలో కలిసిపోతుంది, ఆ నదికి తిరిగి రావడం చాలా వరకు ఉండదు. ప్రపంచంలో మనుషులు తోడే మంచినీటిలో దాదాపు 70 శాతం సేద్యానికే పోతుంది కాబట్టి ఈ తేడా చిన్నది కాదు.

మొక్క మొదట్లో చుక్క చుక్కగా నీరిచ్చే డ్రిప్ సంగతి ఇక్కడే తిరగబడుతుంది. కాలువ పారకంలో 'వృథా' అయ్యే నీటిలో కొంత భూమిలోకి ఇంకి పక్క బావిలో ఊరుతుంది. డ్రిప్ పెడితే ఆ ఊట తగ్గుతుంది, మిగిలిందనుకున్న నీటితో రైతు ఇంకో ఎకరం సాగు చేస్తాడు. పొలంలో పొదుపు, నదికి నష్టం! 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక వ్యాసం ఈ వైరుధ్యాన్నే చర్చించింది. డ్రిప్‌ను మెచ్చుకునే వ్యాసం చదివేటప్పుడు, అక్కడ తోడే నీటికి పరిమితి పెట్టారా, దాన్ని కొలిచే మీటరు ఉందా అన్నది అందులో ఉందేమో చూడండి.