‘తర్వాత’ లేని బడి: ఇంగ్లీష్ లర్నర్ల కోర్సుల మీద పాత తగవు మళ్లీ ఎందుకు రాజుకుంది?

2025 ఆగస్టులో అమెరికా విద్యాశాఖ పదేళ్ల నాటి ఒక లేఖను రద్దు చేసింది. 2015 జనవరిలో న్యాయశాఖతో కలిసి రాసిన 40 పేజీల లేఖ అది. ఇంగ్లీష్ ఇంకా పూర్తిగా పట్టుబడని విద్యార్థులకు (అక్కడి బడుల్లో వీరి హోదా పేరు ‘ఇంగ్లీష్ లర్నర్లు’) బడులు ఏమేం చేయాలో, ఏమేం చేయకూడదో అందులో వివరంగా ఉండేది. అంతకుముందు మార్చిలో ఇంగ్లీషును దేశ అధికార భాషగా ప్రకటిస్తూ అధ్యక్ష ఉత్తర్వు వచ్చింది. జులైలో ఈ పిల్లల చదువుకు కేటాయించిన ఫెడరల్ పద్దు ‘టైటిల్ 3’ నిధులను నిలిపేసి, నెలాఖరుకు విడుదల చేశారు. 2026 బడ్జెట్లో ఆ పద్దునే ఎత్తేయాలన్న ప్రతిపాదన కూడా అప్పుడు వచ్చింది. అమెరికా ప్రభుత్వ బడుల్లో ఈ హోదాలో ఉన్న పిల్లలు 50 లక్షలకు పైమాటే.

పిల్లల్ని అక్కడి బడిలో చేర్చేటప్పుడు ‘ఇంట్లో మాట్లాడే భాష’ అన్న గడిలో తెలుగు అని రాసిన తల్లిదండ్రులకు ఈ వ్యవహారం కొత్త కాదు. ఆ ఒక్క జవాబుతో పిల్లవాడికి ఇంగ్లీష్ పరీక్ష పెడతారు. ఆ పరీక్షలో వచ్చిన మార్కును బట్టి టైంటేబుల్ మారుతుంది. ఒకటో తరగతి పిల్లవాడికైతే పెద్ద తేడా తెలియకపోవచ్చు. తొమ్మిదిలోనో పదిలోనో చేరినవాడికి ఆ టైంటేబుల్ మీదే డిగ్రీ చదువు ఆధారపడి ఉంటుంది.

1974లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనీస్ విద్యార్థుల తరఫున వచ్చిన ‘లావ్’ కేసు సుప్రీంకోర్టు తీర్పు, అదే ఏడాది వచ్చిన సమాన విద్యావకాశాల చట్టం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. పిల్లలకు భాష రాకపోతే ‘తగిన చర్య’ తీసుకోవాల్సిన బాధ్యత బడిదేనని అప్పుడే తేలిపోయింది. తగిన చర్య అంటే ఏమిటన్నదే తేలలేదు. నేటి గొడవకు అసలు మలుపు వాషింగ్టన్‌లో పడలేదు. మెక్సికో సరిహద్దును ఆనుకుని ఉన్న నొగాలెస్ అనే చిన్న ఊరి కేసు నుంచి, అరిజోనా రాజధాని ఫీనిక్స్‌లో చేసిన ఒక చట్టం నుంచి పడింది.

2006 మార్చిలో అరిజోనా శాసనసభ హౌస్ బిల్ 2064ను ఆమోదించింది. గవర్నర్ జానెట్ నపాలిటానో దానిమీద సంతకం పెట్టలేదు, అడ్డుకోనూ లేదు. సంతకం లేకుండానే చట్టమైంది. అంత తొందరెందుకంటే అప్పటికి ఫెడరల్ జడ్జి రేనర్ కాలిన్స్ రాష్ట్రానికి రోజుకు 5 లక్షల డాలర్లతో మొదలుపెట్టి జరిమానా విధిస్తున్నారు. ఆ మొత్తం 2 కోట్ల డాలర్లు దాటింది. జరిమానా ఎందుకంటే, 1992లో నొగాలెస్ కుటుంబాలు వేసిన ఫ్లోరెస్ కేసులో 2000లో వచ్చిన తీర్పును రాష్ట్రం అమలు చేయలేదు. ఆ తీర్పు డబ్బు గురించి. ఇంగ్లీష్ రాని ఒక్కో విద్యార్థికి అదనంగా సుమారు 450 డాలర్ల ఖర్చవుతుందని రాష్ట్రం తానే లెక్క వేయించుకుని, ఇచ్చింది మాత్రం 150 డాలర్లే. ఇది ఇష్టారాజ్యం తప్ప మరొకటి కాదన్నది కోర్టు మాటల సారం.

కుటుంబాలు అడిగింది నిధులు. చట్టం ఇచ్చింది ఒక టైంటేబుల్. ఒక్కో విద్యార్థికి ఇచ్చే మొత్తాన్ని 355 డాలర్ల నుంచి 432కు పెంచి, దాన్నీ రెండేళ్లకే పరిమితం చేశారు. దాంతోపాటు తొమ్మిది మందితో ఒక టాస్క్‌ఫోర్స్ వేసి, రోజుకు కనీసం నాలుగు గంటలు ఇంగ్లీష్ భాషాబోధన ఉండే నమూనాలను తయారుచేయమన్నారు. ఇక్కడ కాస్త ఆగాలి. చట్టంలో ఆ నాలుగు గంటల మాట విద్యార్థికి ఆ హోదా వచ్చిన మొదటి ఏడాదికి సంబంధించింది. 2008-09లో అమల్లోకి వచ్చిన నమూనాలో ఆ ‘మొదటి ఏడాది’ కరిగిపోయింది. పరీక్ష గట్టెక్కే దాకా, ఎన్నేళ్లయినా, నాలుగు గంటలే సాధారణ నియమమైంది. పైస్థాయికి చేరిన కొందరికే సడలింపు దక్కింది.

ఆ నాలుగు గంటల్లో ఏముండేది? హైస్కూల్లో కింది స్థాయి విద్యార్థులకు గంట సంభాషణ, పదసంపద, గంట చదవడం, గంట రాయడం, ఇంకో గంట అచ్చంగా వ్యాకరణం. ఏ స్థాయిలో ఏ క్రియారూపం నేర్పాలో, ఏ విభక్తి తర్వాత ఏది రావాలో చెప్పే జాబితా ఒకటి ఉపాధ్యాయుల చేతికిచ్చారు. బయాలజీ, చరిత్ర పాఠాలను వాటి పాఠాలుగా చెప్పే వీలు ఆ గంటల్లో లేదు. ఒకే స్థాయి పిల్లలంతా ఒకే గదిలో, రోజులో ఎక్కువ భాగం, మిగతా బడికి దూరంగా గడిపేవారు. ఇంగ్లీష్ బాగా మాట్లాడే తోటివాళ్లు ఎదురయ్యేది భోజన విరామంలో, మిగిలిన ఒకటి రెండు పీరియడ్లలోనే.

ఇప్పుడు క్రెడిట్ల లెక్క చూద్దాం. అరిజోనాలో 2013 నుంచి హైస్కూల్ పట్టాకు 22 క్రెడిట్లు కావాలి. అందులో గణితం నాలుగు, సైన్స్ మూడు, సాంఘిక శాస్త్రం మూడు, వృత్తివిద్య లేదా కళల్లో ఒకటి. ఏడాదిపాటు చదివిన ఒక్కో సబ్జెక్టుకు ఒక క్రెడిట్. రోజుకు ఆరు పీరియడ్లుండే బడిలో నాలుగు భాషకే పోతే మిగిలేవి రెండు. ఆ రెండింటితో ఈ పదకొండు క్రెడిట్లు నింపాలంటే ఐదున్నరేళ్లు పడుతుంది. హైస్కూల్ నాలుగేళ్లే. నాలుగు గంటల్లో సంపాదించిన క్రెడిట్లలో కొన్ని ఇంగ్లీష్ కిందకు వచ్చినా, మిగిలినవి ఎలెక్టివ్‌ల (ఐచ్ఛిక సబ్జెక్టుల) ఖాతాలో పడేవి. వాటితో గణితం లోటు తీరదు. ఏడాదిలో పరీక్ష దాటినవాడు ఎలాగో నెట్టుకొస్తాడు. రెండు మూడేళ్లు పట్టినవాడికి దారి వేసవి తరగతులు, సాయంత్రపు ఆన్‌లైన్ కోర్సులే. చాలామంది ఆ దారి చివరికి చేరలేదు. 2013-14లో అరిజోనాలో ఈ హోదాలో ఉండి నాలుగేళ్లలో హైస్కూల్ పూర్తి చేసినవారు 18 శాతం. దేశ సగటు 63 శాతానికి దగ్గరగా ఉంది. ఇన్ని రాష్ట్రాలున్న దేశంలో ఇంత అంతరాన్ని పేదరికంతోనో వలసలతోనో మాత్రమే సమర్థించలేం. అవి టెక్సస్‌లోనూ కాలిఫోర్నియాలోనూ ఉన్నాయి.

ఒక పిల్లవాడు ఆటస్థలంలో గలగలా మాట్లాడటానికి ఒకటి రెండేళ్లు చాలు. పాఠ్యపుస్తకంలోని ఇంగ్లీష్ పట్టుబడటానికి ఐదారేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. కెనడా పండితుడు జిమ్ కమ్మిన్స్ 1979లోనే ఈ రెండు రకాల భాషనూ వేరుచేసి చూపాడు. ఉపాధ్యాయులకు ఇది రోజూ కనబడే సంగతే. ‘ఫోటోసింథసిస్’ అన్న మాట సైన్స్ గదిలో ఆకును చేతపట్టుకుని నేర్చుకోవాల్సిందే కానీ, వ్యాకరణ జాబితాలోంచి రాదు. అందుకే మిగతా చాలాచోట్ల షెల్టర్డ్ కోర్సులు పెరిగాయి. అదే బయాలజీ, అదే క్రెడిట్; బోధన మాత్రం బొమ్మలతో, సులువు చేసిన వాక్యాలతో, కలిసి చేసే ప్రయోగాలతో సాగుతుంది. న్యూయార్క్ 2015-16 నుంచి ఇంగ్లీష్ బోధనలో కొంత భాగాన్ని సబ్జెక్టు తరగతిలోనే కలిపి చెప్పాలని నియమం పెట్టింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రవేశానికి అడిగే నాలుగేళ్ల ఇంగ్లీషులో, పైస్థాయి భాషాభివృద్ధి కోర్సును ఒక ఏడాది కింద లెక్కిస్తుంది.

మరి అరిజోనా నమూనాకు చట్టం ఎలా ఒప్పుకుంది? దీనికి జవాబు 1981 నాటి కాస్టాన్యెడా తీర్పులో ఉంది. టెక్సస్‌లోని రేమండ్‌విల్ బడులపై వచ్చిన ఆ కేసులో మూడు ప్రశ్నల పరీక్ష పుట్టింది: పద్ధతికి విద్యాశాస్త్రంలో ఆధారముందా, దాన్ని సరైన వనరులతో అమలు చేస్తున్నారా, కొంతకాలం తర్వాత ఫలితం కనబడుతోందా. ఈ మూడూ అందరూ చెబుతారు. అదే తీర్పులోని ఇంకో మాట తక్కువమంది చెబుతారు. బడి కావాలనుకుంటే మొదట ఇంగ్లీషు మీదే దృష్టి పెట్టి, మిగతా సబ్జెక్టులను తర్వాత చెప్పవచ్చు. అయితే ఆ మధ్యకాలంలో వెనకబడిన పాఠాల లోటును తీర్చాల్సిన బాధ్యత బడి మీదే ఉంటుంది. ‘ముందు భాష, తర్వాత పాఠం’ అన్న పద్ధతికి చట్టబద్ధమైన తలుపు అదే.

రెండో తరగతి పిల్లవాడికి ఆ ‘తర్వాత’ ఉంటుంది. మూడు, నాలుగు, ఐదు తరగతులున్నాయి. పదో తరగతిలో చేరిన పిల్లకు ‘తర్వాత’ అంటే ఏమిటి? క్రెడిట్లు చాలక పట్టా రాకపోతే ఆ లోటు తీర్చే గది ఏది? ఈ ఒక్క ప్రశ్నకు అరిజోనా నమూనాలో జవాబు లేదు. ప్రాథమిక బడి నుంచి హైస్కూల్ దాకా అన్నింటికీ ఒకే కొలత పెట్టడమే అసలు తప్పని నా అభిప్రాయం.

రాష్ట్రం వాదన కూడా చెప్పాలి. అప్పటి రాష్ట్ర విద్యాధికారి టామ్ హోర్న్ దృష్టిలో, ఇంగ్లీష్ త్వరగా వస్తే మిగతా చదువంతా దానంతటదే వస్తుంది. నాలుగు గంటల వల్ల ఏటా పరీక్ష దాటేవారు బాగా పెరిగారన్నది ఆయన మొదటి ఆధారం. 2000లో ప్రజలు 203వ ప్రతిపాదనకు ఓటేసి ఇంగ్లీషులోనే బోధన కావాలన్నారన్నది ఆయన రెండో ఆధారం. 2009లో సుప్రీంకోర్టు హోర్న్ వర్సెస్ ఫ్లోరెస్ కేసులో 5-4 మెజారిటీతో ఆయన వైపు మొగ్గింది. జస్టిస్ అలిటో రాసిన తీర్పు ప్రకారం కింది కోర్టు డబ్బునే పట్టుకుని కూర్చోకుండా మారిన పరిస్థితులను చూడాలి, రాష్ట్రానికి పద్ధతి ఎంచుకునే స్వేచ్ఛ ఉంది. నాలుగు గంటల నమూనా మంచిదా చెడ్డదా అని ఆ తీర్పు తేల్చలేదు, తిప్పి పంపింది. 2013లో జడ్జి కాలిన్స్, 2015లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు రాష్ట్రానికే అనుకూలంగా చెప్పాయి.

పరీక్ష దాటినవారు పెరిగారన్న వాదనకు మాత్రం 2012లోనే గట్టి దెబ్బ తగిలింది. ఫెడరల్ న్యాయ, విద్యాశాఖలు విచారణ జరిపాక, చాలామందిని పూర్తిగా సిద్ధం కాకముందే ఆ హోదా నుంచి బయటకు పంపేశారని తేలింది. వేలాది విద్యార్థులకు చదవడంలో, రాయడంలో అదనపు సాయం అందిస్తామని రాష్ట్రం ఒప్పందం మీద సంతకం చేసింది. పరీక్ష దాటడం, భాష రావడం ఒకటి కాదని ఉపాధ్యాయులు చెబుతూ వచ్చిందీ ఇదే.

2019లో శాసనసభ రెండు పార్టీల మద్దతుతో వెనక్కి తగ్గింది. గవర్నర్ డగ్ డ్యూసీ సంతకం చేసిన చట్టంతో నాలుగు గంటలు పోయి, పై తరగతులకు రోజుకు 100 నిమిషాలు మిగిలాయి. రాష్ట్ర బోర్డు కొత్త నమూనాలను ఆమోదించింది, వాటిలో ఇంగ్లీష్, మరో భాష చెరిసగం ఉండే ద్విభాషా నమూనా ఒకటి. 2023 జనవరిలో హోర్న్ మళ్లీ అదే పదవిలోకి వచ్చారు. ద్విభాషా నమూనా 203వ ప్రతిపాదనకు విరుద్ధమని కోర్టుకెళ్లారు. అటార్నీ జనరల్ క్రిస్ మేయస్ బోర్డు పక్షాన నిలిచారు. ఆ దావా వేసే అధికారం హోర్న్‌కు లేదంటూ 2024 మార్చిలో కోర్టు కొట్టేసింది. కాలిఫోర్నియా 2016లో, మసాచుసెట్స్ 2017లో ఇలాంటి ఇంగ్లీష్-మాత్రమే చట్టాలను తీసేశాయి. అరిజోనాలో 203 ఇంకా అమల్లోనే ఉంది.

రద్దయిన 2015 లేఖ ఇక్కడే అవసరమయ్యేది. ఇంగ్లీష్ లర్నర్లను అవసరానికి మించి వేరుగా కూర్చోబెట్టకూడదని, పట్టాకు కావలసిన తరగతి స్థాయి పాఠాలు వారికి అందాలని అది సూటిగా చెప్పింది. హైస్కూల్ కౌన్సెలర్ టైంటేబుల్ వేసేటప్పుడు ముందు పెట్టుకోగలిగిన కాగితం అది. లేఖ పోయినంత మాత్రాన 1974 చట్టం పోలేదు, కాస్టాన్యెడా తీర్పూ పోలేదు. కానీ వెనకబడిన పాఠాల లోటు తీర్చాలన్న ఆ మాటను పట్టించాలంటే ఇప్పుడు తల్లిదండ్రులు కోర్టు మెట్లెక్కాలి. ఫ్లోరెస్ కేసు వేసినప్పటి నుంచి అప్పీల్ కోర్టు తీర్పు దాకా 23 ఏళ్లు పట్టింది. ఆ కేసు మొదలైనప్పుడు బడిలో ఉన్న పిల్లలెవరూ తీర్పు వచ్చేనాటికి బడిలో లేరు.