కుక్క ఎవరిది? వీధి నుంచి దత్తత దాకా సాగిన ఒక ప్రశ్న

వీధి కుక్కల కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో అందరి దృష్టి ఒకే అంశం మీద పడింది. ఢిల్లీ, దాని పరిసర నగరాల్లోని వీధి కుక్కలన్నింటినీ పట్టి షెల్టర్లలోనే ఉంచాలని ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తులు ఇచ్చిన ఆదేశాన్ని ఈ ధర్మాసనం సడలించి, పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసి టీకా వేసిన కుక్కలను పట్టిన చోటనే తిరిగి వదలవచ్చని, రేబిస్ సోకిన వాటికీ దూకుడు స్వభావం ఉన్న వాటికీ మాత్రం ఆ వెసులుబాటు ఉండదని చెప్పింది. అదే ఉత్తర్వులో పెద్దగా చర్చకు రాని మరో మాట కూడా ఉంది. కుక్కను దత్తత తీసుకోదలచిన జంతుప్రేమికులు మున్సిపల్ సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. అలా ఇంటికి తెచ్చుకున్న కుక్క మళ్లీ వీధిన పడకుండా చూడవలసిన బాధ్యత మాత్రం తెచ్చుకున్న వారిదే. మన దేశంలో కుక్కల గురించిన పాలనా చరిత్రంతా తెలిసినవారికి ఈ రెండో మాటే ఎక్కువ ఆసక్తికరంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ చరిత్ర దాదాపు రెండు శతాబ్దాల పాటు ‘ఏ కుక్కను చంపాలి’ అన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది. ‘ఈ కుక్క ఎవరిది’ అన్న ప్రశ్నకు వంతు చాలా ఆలస్యంగా వచ్చింది.

నిజానికి మన ఊళ్లలో ఆ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం ఏనాడూ ఉండేది కాదు. భోజనాలయ్యాక మిగిలిన ముద్ద ఎవరి వాకిట్లో పడితే ఆ పూటకు వారి కుక్క, రాత్రి కొత్త మనిషి వీధిలోకి అడుగుపెడితే మొరిగి లేపేటప్పుడు ఊరందరి కుక్క, ఎవరినైనా కరిచిన రోజున ఎవరిదీ కాని కుక్క. ‘మా కుక్క’ అనడానికీ ‘మా వీధి కుక్క’ అనడానికీ మధ్య మనం మాటల్లో పాటించే తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, మొదటి దానిలో బాధ్యత ఉంది, రెండో దానిలో చనువు మాత్రమే ఉంది. బ్రిటిష్ పాలనలో వచ్చిన పురపాలక వ్యవస్థకు ఈ మధ్యస్థ స్థితి అర్థం కాలేదు. దాని దృష్టిలో కుక్కకు యజమాని ఉండాలి, లేదా అది ఉండకూడదు.

ఆ దృష్టికి ఎదురైన మొదటి పెద్ద ప్రతిఘటన 1832లో బొంబాయిలో జరిగింది. వేసవి నెలల్లో వీధి కుక్కలను చంపే పద్ధతి అక్కడ అంతకు ముందే ఉండేది. ఆ ఏడాది గడువును పొడిగించి, చంపిన కుక్కకు ఇంత అని బహుమానం ఇవ్వడంతో, డబ్బు కోసం ఇళ్లలోకి చొరబడి మరీ కుక్కలను పట్టుకుపోతున్నారన్న ఆగ్రహం రేగింది. జొరాస్ట్రియన్ సంప్రదాయంలో మరణించిన వారి అంతిమ క్రియల్లో కుక్క చూపు పడడం ఒక విధి కనుక ఆ మతస్థులైన పార్సీలు దానిని మతం మీద దాడిగానే భావించారు. జూన్ 6న మొదలైన ఆ అల్లరిలో హిందువులూ జైనులూ కూడా వారితో కలిశారు, దుకాణాలు మూతపడ్డాయి, సైనిక శిబిరానికి వెళ్లే సరకులు ఆగిపోయాయి. రెండేళ్ల తర్వాత 1834లో వర్తకులు జంషెడ్జీ జీజీభాయ్, అమీచంద్ షా కలిసి దిక్కులేని జంతువులను సాకే బొంబాయి పాంజరాపోల్‌ను నెలకొల్పడానికి వెనుక ఉన్న కారణాల్లో ఈ కుక్కల హత్య ఒకటి. దిక్కులేని కుక్కకు నీడనిచ్చే సంస్థ అన్న ఆలోచన మనకు పడమటి నుంచి వచ్చిందని అనుకునేవారు ఇక్కడ కాస్త ఆగాలి. లండన్‌లో తప్పిపోయిన కుక్కల కోసం మేరీ టీల్బీ ప్రారంభించిన ఆశ్రయం, నేడు బాటర్సీ పేరుతో లోకప్రసిద్ధమైనది, 1860 నాటిది. అయితే ఒక తేడా ఉంది. లండన్ ఆశ్రయం కుక్కను పాత యజమానికి చేర్చడం, లేదా కొత్త యజమానిని వెతకడం తన పనిగా పెట్టుకుంది. పాంజరాపోల్ జంతువును చివరిదాకా సాకడమే ధర్మంగా భావించింది. దత్తత అన్న ఊహ మన ఆశ్రయాల్లోకి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

కుక్క పట్ల ప్రభుత్వాల కాఠిన్యానికి భయం ఒక కారణం, ఆ భయానికి ఆధారం లేకపోలేదు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే. 1900లో కసౌలీలోనూ 1907లో కూనూరులోనూ రేబిస్ టీకా ఇచ్చే పాశ్చర్ సంస్థలు ఏర్పడేవరకు మన దేశంలో కాటుకు శాస్త్రీయమైన చికిత్స అందేది కాదు. కసౌలీలోని కేంద్ర పరిశోధన సంస్థలో డేవిడ్ సెంపుల్ 1911లో రూపొందించిన టీకా, గొర్రె మెదడు కణజాలంతో తయారై, దశాబ్దాల పాటు ప్రభుత్వాసుపత్రుల్లో వాడుకలో ఉంది. ‘బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు’ అన్న మాట వినగానే నేటికీ ముఖం చిట్లించే పెద్దవాళ్లు తలచుకునేది దానినే. ఆ పాత టీకా ఉత్పత్తిని మన దేశం 2004 డిసెంబరులో ఆపింది. ఇప్పుడు వేసేది చేతికి, నాలుగైదు మోతాదులే. భయం మాత్రం తరం మారినా పోలేదు.

ఈ భయం నీడలోనే మున్సిపాలిటీల ‘కుక్కల బండి’ వీధుల్లో తిరిగింది. పెంపుడు కుక్కకు లైసెన్సు తీసుకుని మెడలో బిళ్ల కట్టాలన్న నియమం కూడా ఆ కాలం నాటిదే. ఆ బిళ్ల ఉద్దేశం యజమాని చేత టీకా వేయించడమో, అతనికి బాధ్యత గుర్తుచేయడమో కాదు. బండి వచ్చినప్పుడు ఏ కుక్కను వదిలేయాలో తెలియడానికి అది గుర్తు. మన నగరాల్లో కుక్కల లైసెన్సును జనం ఈనాటికీ పట్టించుకోకపోవడానికి కారణాలు వెతికేవారు ఈ పుట్టుకను కూడా లెక్కలోకి తీసుకోవాలని నాకు అనిపిస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక 1952లో రాజ్యసభకు నామినేట్ అయిన నర్తకి రుక్మిణీదేవి అరుండేల్ జంతుహింస నివారణ కోసం ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టారు. ప్రభుత్వమే సమగ్ర చట్టం తెస్తుందన్న నెహ్రూ హామీతో ఆమె దానిని ఉపసంహరించుకున్నారు. ఆ హామీ 1960లో జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టంగా నెరవేరింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు. ఈ చట్టంలోని 11వ సెక్షన్‌ను నిదానంగా చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. ఎప్పుడూ గొలుసుతో కట్టేసి లేదా ఇరుకులో బంధించి ఉంచే కుక్కను యజమాని తగినంత తిప్పకపోతే నేరం. చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోతే నేరం. ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో, సహేతుకమైన కారణం లేకుండా, జంతువును వదిలేస్తే నేరం. బాధ్యతాయుతమైన పెంపకం అని మనం నేడు చెప్పుకునేదంతా అరవై అయిదేళ్ల కిందటే అక్షరరూపంలో ఉందన్నమాట. కానీ మొదటిసారి చేసిన నేరానికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల వరకు మాత్రమే, ఆ అంకె ఇప్పటికీ మారలేదు. అదే సెక్షన్‌లో మరో ఉపవిభాగం వీధి కుక్కలను ప్రత్యేక గదుల్లోనో నిర్దేశించిన ఇతర పద్ధతుల్లోనో చంపడాన్ని క్రూరత్వం కింద లెక్కించనక్కర లేదని మినహాయించింది. కరుణ కోసం పుట్టిన చట్టం సైతం యజమాని ఉన్న కుక్కనూ లేని కుక్కనూ రెండు వేర్వేరు జీవుల్లా చూసింది.

మార్పుకు బీజం మద్రాసులో పడింది. కెప్టెన్ వి. సుందరం కుటుంబం నెలకొల్పిన జంతు సంక్షేమ సంస్థ బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా, నగరపాలక సంస్థ ఏళ్ల తరబడి కుక్కలను విద్యుదాఘాతంతో చంపుతున్నా వాటి సంఖ్య తగ్గకపోగా పెరుగుతూనే ఉందని గమనించి, 1964 నుంచి శస్త్రచికిత్స ద్వారా సంతానాన్ని నియంత్రించే పద్ధతిని ప్రతిపాదిస్తూ వచ్చింది. నగరపాలక సంస్థ ఒప్పుకున్నది 1996లో. అంటే ఒక తర్కాన్ని అంగీకరింపజేయడానికి ముప్పై రెండేళ్లు పట్టింది. ఆ తర్కం కష్టమైనదేమీ కాదు: ఒక వీధిలోని కుక్కలను తొలగిస్తే, అక్కడి చెత్తకుప్పా మాంసం దుకాణమూ అలాగే ఉంటాయి కనుక పక్క వీధి కుక్కలు ఆ ఖాళీలోకి వస్తాయి, టీకా లేనివి, పోట్లాటకు సిద్ధంగా ఉన్నవి. ఉన్న కుక్కకే శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, చెవి చివర గుర్తుగా కత్తిరించి అక్కడే వదిలితే, అది కొత్తవాటిని రానివ్వదు, తానూ పిల్లలను కనదు. కుక్కలను తొలగించడం వల్ల వాటి సాంద్రతపైనా రేబిస్ వ్యాప్తిపైనా చెప్పుకోదగ్గ ప్రభావం ఉన్నట్టు ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం 1992లో తేల్చడం ఈ వాదనకు బలమిచ్చింది. తెలుగు నేల మీద ఇదే దశాబ్దంలో, 1992లో అమల అక్కినేని ఆధ్వర్యంలో బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్, 1996లో విశాఖ ఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంఘం మొదలయ్యాయి.

2001 డిసెంబరులో కేంద్రం తెచ్చిన కుక్కల సంతాన నియంత్రణ నిబంధనలు ఈ పద్ధతిని దేశమంతటికీ విస్తరించాయి. 2023 మార్చిలో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. 2001 నిబంధనల్లో చాలామంది దృష్టి నుంచి జారిపోయిన వాక్యం ఒకటుంది: పెంపుడు కుక్క విషయంలో సంతాన నియంత్రణ, టీకా, శస్త్రచికిత్స, లైసెన్సు అన్నీ యజమాని బాధ్యత. వీధి కుక్కల బాధ్యతను స్థానిక సంస్థలకూ స్వచ్ఛంద సంస్థలకూ పంచిన ఆ నిబంధనల ఆధారంగా బడ్జెట్లు, టెండర్లు, కోర్టు కేసులు నడిచాయి. యజమాని వైపున్న సగం కాగితం మీదే మిగిలింది. సగం పట్టణాల్లో సగం కుక్కలకు చేసిన శస్త్రచికిత్సలు సంఖ్యను ఆపలేవు. అందులోనూ ఇంటి కుక్క ఈనిన పిల్లలను సంచిలో పెట్టి చెరువు గట్టున వదిలేసే అలవాటు సాగుతున్నంత కాలం, వీధికి కొత్త కుక్కలను వీధి ఒక్కటే ఇవ్వడం లేదు. 2019 పశుగణనలో దేశంలోని వీధి కుక్కలు సుమారు 1.53 కోట్లు.

ఇంతలో మధ్యతరగతి ఇంటి స్వరూపం మారింది. పెరడూ వాకిలీ పోయి అపార్ట్‌మెంట్ వచ్చాక, ముద్ద పెడితే వచ్చి పోయే కుక్కకు చోటు లేకుండా పోయింది. దాని స్థానంలో కొనుక్కుని తెచ్చుకునే జాతి కుక్క ప్రవేశించింది. 2003లో హచ్ టెలిఫోన్ ప్రకటనలో ఒక పిల్లవాడి వెంట నడిచిన పగ్ దేశమంతటా ఆ జాతికి గిరాకీ తెచ్చింది. అణిగిపోయిన ముక్కుతో పుట్టే ఆ కుక్క చల్లని గదిలోనూ గురక పెడుతుందని, మన ఎండల్లో దాని ఊపిరికి నిత్యం గండమేనని అమ్మేవారెవరూ చెప్పలేదు. మే నెలలో విజయవాడ మేడ మీద రొప్పుతున్న సైబీరియన్ హస్కీని చూసినవారికి వివరణ అక్కర లేదు. బదిలీ అయిందనో, ఇంట్లో పసిబిడ్డ వచ్చిందనో, వైద్యం ఖర్చు భరించలేమనో ఇలాంటి కుక్కలను వదిలేసినప్పుడు వాటి స్థితి వీధి కుక్క కన్నా హీనం. వీధిలో పుట్టిన కుక్కకు తన హద్దులు, తిండి దొరికే చోట్లు, వాహనం వచ్చే దిక్కు తెలుసు. సోఫా మీద పెరిగిన కుక్కకు ఇవేవీ తెలియవు; మొదటి రాత్రే ఆ వీధి కుక్కలు దాని మీద పడతాయి.

ఈ వ్యాపారాన్ని అదుపు చేయడానికి 2016లో వాణిజ్య సంతానోత్పత్తి కోసం విదేశీ కుక్కల దిగుమతిని ఆపారు. 2017 నిబంధనలు కుక్కలను పెంచి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలని, ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మరాదని, మైక్రోచిప్ వేయాలని నిర్దేశించాయి. 2024 మార్చిలో కేంద్రం 23 జాతులను ప్రమాదకరమైనవిగా పేర్కొంటూ వాటిని నిషేధించమని రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధితులతో సంప్రదించకుండా తీసుకున్న చర్యగా భావించి కర్ణాటక హైకోర్టు మరుసటి నెలలోనే దానిని కొట్టివేసింది. జాతి పేరు మీద నిషేధం పెట్టడం సులువే. గొలుసుకు కట్టేసి, మనుషులతో కలవనివ్వకుండా, కాపలా కోసం కావాలనే రెచ్చగొట్టి పెంచిన మనిషిని పట్టుకోవడం కష్టం. పెంపుడు జంతువు వల్ల ఇతరులకు ప్రమాదం కలిగేలా నిర్లక్ష్యం వహించిన యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఆరు నెలల వరకు జైలు లేదా అయిదు వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ చెబుతోంది. అది పాత శిక్షా స్మృతిలో ఉన్నదానికే కొత్త అంకె.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధి కుక్కల దాడిలో నాలుగేళ్ల బాలుడు మరణించినప్పుడు తెలుగు రాష్ట్రాల్లో ఈ చర్చ తారస్థాయికి చేరింది, తెలంగాణ హైకోర్టు స్వయంగా విచారణకు స్వీకరించింది. అలాంటి మరణం ముందు కుక్కల పక్షాన మాట్లాడడం ఎవరికైనా కష్టమే, ఆ కష్టాన్ని గుర్తించని జంతుప్రేమ వల్ల కుక్కలకు మేలు జరగదు. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్సు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కలను తొలగించి, తిరిగి అక్కడ వదలరాదని ఆదేశించింది. తొలగించిన వాటిని ఉంచడానికి చాలినన్ని షెల్టర్లు ఏ రాష్ట్రంలోనూ లేవు. కనుక దత్తత ఇప్పుడు దయగలవారి ముచ్చటగా మిగలక, పురపాలనలో ఒక భాగం కావలసి వస్తోంది.

అది ఎలా ఉంటుందో షెల్టర్లలో పనిచేసేవారికి కొన్నేళ్లుగా తెలుసు. కుక్కపిల్లను అడిగిన వారికి అడిగిన రోజే ఇవ్వరు. ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా, అద్దె ఇల్లయితే యజమాని ఏమన్నాడు, ఊరెళ్లినప్పుడు ఎవరు చూస్తారు, పదేళ్లకు పైగా బతికే జీవికి ఏటా టీకా వేయిస్తారా అని అడుగుతారు. కొందరు ఇంటికి వచ్చి బాల్కనీ గ్రిల్లు సందులు కూడా చూసి వెళతారు. పొట్టి బొచ్చుతో మన ఎండను ఓర్చుకునే నాటు కుక్కను చూపిస్తే, ‘జాతి కుక్క ఏదీ లేదా’ అని వెనుదిరిగేవారు ఇప్పటికీ ఎక్కువే. తీసుకునేవారి చేత సంతకం చేయించే పత్రంలో చాలా చోట్ల ఒక షరతు ఉంటుంది: పెంచలేని పరిస్థితి వస్తే కుక్కను ఇంకొకరికి ఇవ్వకూడదు, వీధిలో వదలకూడదు, తెచ్చిన చోటికే తిరిగి అప్పగించాలి. ఆ పత్రంలో పైన, పేరు రాసే గడికి ఎదురుగా, ‘యజమాని’ అని ఉంటుంది.