ఋషికుల్య తీరంలో దారి తప్పించే దీపాలు

ఒడిశాలోని బరంపురం దాటి, ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి గుడ్లు పగిలే రాత్రుల్లో వెళ్తే ఇసుకే కదులుతున్నట్టు ఉంటుంది. అవి ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు. నేలకు దగ్గరగా, ఆకాశం అంచున ఎటు ఎక్కువ వెలుగుంటే అటే పాకుతాయి. చీకటి తీరంలో ఆ వెలుగు సముద్రానిదే. నీళ్ల మీద వెన్నెల, చుక్కలు మెరుస్తుంటే ఒడ్డు వైపు సరుగుడు తోటలు నల్లగా నిలబడతాయి. తరతరాలుగా ఈ గుర్తు వాటిని మోసం చేయలేదు.

తాబేళ్లు గుంపులుగా గుడ్లు పెట్టే ఈ తీరం శాస్త్రవేత్తల దృష్టికి వచ్చింది 1994లో. ఒడియావాళ్లు నోలియాలని పిలిచే మన తెలుగు మత్స్యకారులకు ఇది ముందే తెలిసిన సంగతి. ఆ తర్వాత హైవే పెద్దదైంది, గోపాల్‌పూర్ పోర్టు పెరిగింది, ఫ్యాక్టరీలు, రొయ్యల హేచరీల దీపాలు రాత్రంతా వెలుగుతున్నాయి. దాంతో పిల్లలు సముద్రం బదులు ఆ దీపాల వైపు పాకుతున్నాయి.

అసలు చిక్కు రంగులో ఉంది. తాబేలు కంటికి నీలం, ఆకుపచ్చ బాగా ఆనుతాయి. నారింజ, ఎరుపు అంతగా ఆనవు. పాత సోడియం దీపానిది నారింజ వెలుగు. 2015లో జాతీయ వీధి దీపాల పథకం మొదలయ్యాక దేశమంతటా వాటి బదులు తెల్లని ఎల్‌ఈడీలు వచ్చాయి. కరెంటు ఆదా అయిన మాట నిజమే. కానీ ఆ తెలుపులో నీలం వాటా ఎక్కువ.

ఊరి వైపు పాకిన పిల్లలు కుక్కలకు, కాకులకు, పీతలకు చిక్కుతాయి. మిగిలినవి పొద్దెక్కాక ఎండకు చస్తాయి. అటవీ శాఖవాళ్లు, ఊరి కుర్రాళ్లు వలలు అడ్డం కట్టి, దొరికినవాటిని బకెట్లలో ఏరి నీళ్ల దగ్గర వదులుతున్నారు. వాళ్లకు దండం పెట్టాలి. కానీ 2025లో ఇక్కడికి వచ్చిన తల్లులే దాదాపు 7 లక్షలు, ఒక్కోటి పెట్టేది సుమారు వంద గుడ్లు. ఎన్ని బకెట్లు సరిపోతాయి?

మన దేశంలో గాలికి, నీటికి చట్టాలున్నాయి, శబ్దానికి 2000 నుంచి నిబంధనలున్నాయి. వెలుగుకు ప్రత్యేక చట్టం లేదు. అయినా దారి లేకపోలేదు. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యం చుట్టుపక్కల ఊళ్లలో వీధి దీపాలను నేల వైపు తిప్పారు. 2024లో అది దేశంలోనే తొలి డార్క్ స్కై పార్క్, అంటే రాత్రి ఆకాశపు చీకటిని కాపాడుతున్న చోటుగా గుర్తింపు పొందిన పార్క్ అయింది.

చేపల వేటకెళ్లే మనిషికి వెలుగు వద్దని ఎవరూ అనరు. స్తంభం ఎత్తు తగ్గించి, నారింజ బల్బు పెట్టి, సముద్రం వైపు కనపడకుండా రేకు గొడుగు వేస్తే చాలు. ఫిబ్రవరి నుంచి మే దాకా అవసరం లేనివి ఆర్పాలి. పోర్టులకు, ఫ్యాక్టరీలకు దీన్ని షరతుగా పెట్టాలి. ఊళ్లలో అయ్యే ఖర్చు మాత్రం పంచాయతీల నెత్తిన వేయకుండా రాష్ట్రమే భరించాలి.