పిల్లికూతల వెనక రక్తనాళం

ఆయాసం అనగానే హైదరాబాద్‌లో చాలామందికి మృగశిర కార్తె, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్, కొరమీను నోట్లో పెట్టి మింగించే మందు గుర్తొస్తాయి. ఆ మందు సంగతి అలా ఉంచుదాం. పుట్టినప్పటి నుంచే గురగురమంటూ, పాలు పడితే పొలమారే పిల్లల్లో కొందరిది అసలు ఆస్తమానే కాదు. పెద్ద రక్తనాళం ఒకటి ఊపిరి గొట్టాన్ని నొక్కుతూ ఉంటుంది. అందుకే డాక్టరు సీటీ యాంజియో రాస్తారు, అంటే ఎక్స్‌రేలో కనబడే మందు (డై) రక్తంలోకి ఎక్కించి సీటీ మెషీన్‌తో రక్తనాళాలను చూడటం. పిల్లికూతలకు రక్తనాళాల స్కాన్ ఎందుకని ఇంట్లోవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది.

గర్భంలో తొలి వారాల్లో పిండానికి రెండు పక్కలా ధమనుల వంపులు జతలు జతలుగా పుట్టి, చాలావరకు మాయమవుతాయి. ఎడమ పక్క నాలుగోది, గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళమైన బృహద్ధమని వంపుగా మిగులుతుంది. పోవాల్సిన కుడిది కూడా ఉండిపోతే, ఆ రెండూ శ్వాసనాళాన్నీ అన్నవాహికనూ ఉంగరంలా చుట్టేస్తాయి.

ఈ జంట వంపు గురించి హోమెల్ అనే ఆయన 1737లోనే రాశాడు. అదే శతాబ్దంలో లండన్‌లో డేవిడ్ బేఫర్డ్ అనే సర్జన్, ఏళ్ల తరబడి మింగుడుపడక చనిపోయిన ఒకామె శరీరంలో కుడిచేతి ధమని దారి తప్పి ఉండటం చూశాడు. దానికి ప్రకృతి ఆట అనే అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టాడు. ఆమెకు మాత్రం అది ఆట కాదు!

1945లో బోస్టన్‌లో సర్జన్ రాబర్ట్ గ్రాస్ ఈ ఉంగరాన్ని కోసి బిడ్డకు ఊపిరాడేలా చేసిన సంగతి ప్రచురించాడు. అప్పట్లో ఆధారమల్లా, ఎక్స్‌రేలో తెల్లగా కనబడే బేరియం ద్రవం తాగించి తీసే ఎక్స్‌రే. అన్నవాహిక మీద నొక్కు కనిపించేది, నొక్కేది కనిపించేది కాదు. తర్వాత తొడ దగ్గర సన్నటి గొట్టం దూర్చి డై ఎక్కించే యాంజియోగ్రామ్ వచ్చింది. పసివాళ్లకు అదీ చిన్న విషయం కాదు.

సీటీ 1971లో లండన్‌లో తల స్కాన్‌తో మొదలైంది. ఒక్కో చిత్రానికి నిమిషాలు పట్టేది. ఊపిరితో కదిలే ఛాతీకి అది పనికొచ్చేది కాదు. 1989 ప్రాంతంలో ఆగకుండా చుట్టూ తిరుగుతూ తీసే స్పైరల్ సీటీ, 2004 ప్రాంతంలో ఒకేసారి 64 పొరల (స్లైసుల) చిత్రాలు తీసే మెషీన్లు వచ్చాక ఛాతీ మొత్తం సెకన్లలో తీయడం కుదిరింది. గుండెకు అల్ట్రాసౌండ్‌తో తీసే ఎకో ఉందిగా అంటారేమో. దానికి ఊపిరితిత్తుల్లోని గాలి అడ్డం, శ్వాసనాళం ఎంత ఇరుకైందో అది చెప్పలేదు.

మన స్కాన్ సెంటర్ల బోర్డుల మీద స్లైసుల లెక్క పెద్దక్షరాల్లో ఉంటుంది. అడగాల్సింది అది కాదు, బిడ్డ బరువుకు తగ్గట్టు రేడియేషన్ డోసు తగ్గిస్తారా అని. అమెరికాలో దీనికోసం 2008లో ప్రత్యేకంగా ప్రచారమే మొదలుపెట్టారు.

ఇంత వచ్చినా ఊహ పూర్తిగా పోలేదు. ఒక్కోసారి వంపులో కొంత భాగం మూసుకుపోయి ఉత్త తాడులా మిగులుతుంది. అందులో రక్తం పారదు, కాబట్టి డై వెళ్లదు. తలకూ చేతులకూ వెళ్లే నాలుగు నాళాలు ఏ వరసలో బయల్దేరాయో చూసి, తాడు ఎక్కడుందో రేడియాలజిస్టు అంచనా వేస్తారు. అది కంటికి కనిపించేది ఆపరేషన్ బల్ల మీదే.