నడుస్తూనే ఉన్నా బరువెందుకు పెరుగుతోంది?

పొద్దున్నే భద్రకాళి బండ్ మీదో, హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులోనో నడిచే ఆడవాళ్ల మాటల్లో ఒక బాధ తరచూ వినిపిస్తుంది. "రాత్రి అన్నం బంద్ చేసిన, గంట సేపు నడుస్తున్న, అయినా వారంల రెండు కిలోలు పెరిగిననక్కా." ఇదే మాట ఇంట్లో అంటే "నువ్వే ఎక్కడో తింటున్నవ్" అనేస్తారు. ఆ నింద చాలాసార్లు అన్యాయం. అది పడలేక నడకే మానేసినవాళ్లున్నారు. అందుకే ఈ లెక్క కాస్త వివరంగా చూద్దాం.

ముందు ఆ రెండు కిలోల సంగతి. ఒంట్లో ఒక కిలో కొవ్వు చేరాలంటే ఖర్చుకు మించి దాదాపు 7,700 కేలరీలు తినాలి. వారంలో రెండు కిలోలంటే రోజుకు 2,200 కేలరీలు అదనం, అంటే ఇంకో మనిషి తిండి. అన్నం తగ్గించిన మనిషికి అది సాధ్యమయ్యే పని కాదు. పెరిగింది చాలావరకు నీరు. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినప్పుడు కండరాల పోగులు అక్కడక్కడా దెబ్బతింటాయి, అవి మానేదాకా అక్కడ నీరు చేరుతుంది. కండరాలు గ్లైకోజెన్ అనే పిండి పదార్థాన్ని మునుపటికన్నా ఎక్కువగా దాచుకుంటాయి. ప్రతి గ్రాము గ్లైకోజెన్ వెంట సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. కొన్ని రోజుల్లోనే రక్తంలోని ద్రవం కూడా పెరుగుతుంది. ఒళ్లు వ్యాయామానికి అలవాటు పడుతోందనడానికి ఇవన్నీ మంచి గుర్తులే. తూకం మిషన్‌కు మాత్రం నీరూ కొవ్వూ ఒక్కటే. నెలసరికి ముందు రోజుల్లో, ఆవకాయతో భోంచేసిన మర్నాడు కనిపించే పెరుగుదలా ఇలాంటిదే. అన్నం పూర్తిగా మానేసిన వారంలో రెండు కిలోలు దిగి, ఒక్క పెళ్లి భోజనంతో తిరిగి వచ్చేదీ ఎక్కువ భాగం నీరే. కాబట్టి రోజూ చూసి దిగులు పడేకన్నా, వారానికోసారి పరగడుపున చూసి నెల మొత్తం పోల్చుకోవడం మేలు.

నెలలు గడిచినా ముల్లు పైకే పోతుంటే అది వేరే సంగతి, అప్పుడు తిండి లెక్క చూడక తప్పదు. ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదన్న కొందరిని 1992లో న్యూయార్క్ పరిశోధకులు పరీక్షించారు. బరువైన హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువులున్న నీళ్లు తాగించి, మూత్రంలో అవి తగ్గే వేగాన్ని బట్టి ఒళ్లు ఖర్చు చేసే శక్తిని కొలిచారు. ఆ ఖర్చు మామూలుగానే ఉంది. వాళ్లు రాసుకున్న తిండి మాత్రం అసలు తిన్నదానికన్నా సగటున 47 శాతం తక్కువ. వాళ్లు అబద్ధమాడారని నేననుకోను. మన వంటింట్లోనే చూడండి. ఉప్పు చూడ్డానికి నాలుకకేసుకున్న కూర, పారేయలేక తిన్న పిల్లల కంచంలో మిగిలిన ముద్ద, చుట్టాలతో మూడోసారి తాగిన చాయ్, సంక్రాంతి డబ్బాలోంచి తీసిన రెండు సకినాలు, ఇవేవీ తిన్నట్టు గుర్తుండవు. ఒక పెద్ద చెంచా మంచినూనెలో దాదాపు 120 కేలరీలుంటాయి. గంట నడిస్తే ఖర్చయ్యేది సుమారు 200 నుంచి 250. తెలియకుండా కూరలో పడ్డ రెండు చెంచాల నూనె ఆ గంట నడకను తినేస్తుంది. అన్నం బదులు జొన్నరొట్టె తింటే చాలనుకోవడం కూడా పొరపాటే. బియ్యంలోనూ జొన్నపిండిలోనూ 100 గ్రాములకు కేలరీలు ఇంచుమించు సమానం. రొట్టెలో పీచు ఎక్కువ, కడుపు నిండినట్టుంటుంది, అది మంచిదే. కానీ నాలుగు రొట్టెలు నాలుగు రొట్టెలే.

ఇంత జాగ్రత్తపడ్డా ఒళ్లు ఎదురు తిరుగుతుంది. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే. బరువు తగ్గడాన్ని మన శరీరం కరువుగా భావించి, ఖర్చు తగ్గించుకుంటుంది. అమెరికాలో ఒక టీవీ పోటీలో విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత కెవిన్ హాల్ బృందం మళ్లీ పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించింది. చాలామందికి పోయిన బరువులో ఎక్కువ భాగం తిరిగొచ్చింది. అయినా ఊరికే కూర్చున్నప్పుడు వాళ్ల ఒళ్లు ఖర్చు చేసే శక్తి, ఉండాల్సినదానికన్నా రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగానే ఉంది. ఆకలి పుట్టించే హార్మోన్లు డైటింగ్ ముగిసిన ఏడాదికి కూడా ఎక్కువగానే ఉంటాయని 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. దీన్ని మనోబలం లేకపోవడం అనడం తప్పు. పైగా అందరి ఒళ్లూ ఒకేలా ఉండదు. 1999లో 16 మందికి ఎనిమిది వారాలపాటు రోజుకు 1,000 కేలరీలు అదనంగా పెడితే, ఒకరికి అర కిలో కొవ్వు కూడా చేరలేదు, ఇంకొకరికి నాలుగు కిలోలు దాటింది. లేవడం, నిలబడటం, అటూ ఇటూ తిరగడం లాంటి చిన్న చిన్న కదలికలే ఆ తేడాకు ముఖ్య కారణం. పొద్దున గంట నడిచి, అలసిపోయి మిగతా రోజంతా ఫ్యాన్ కింద కూర్చుంటే సంపాదించింది కాస్తా పోతుంది.

అసలు బరువొక్కటే చూస్తే మనవాళ్లు ఎక్కువ మోసపోతారు. పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్నిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ అనే ఇద్దరు వైద్యుల బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువెంతో చెప్పే లెక్క, ఒకటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్నిక్‌కు 21.2 శాతం. 2004లో ఈ పోలిక లాన్సెట్ పత్రికలో వచ్చింది. అందుకే టేపు తీసుకుని నడుము కొలుచుకోండి. మనవాళ్లలో ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే ప్రమాద సూచన. వ్యాయామం చేస్తే తూకం కదలకపోయినా పొట్టలోని కొవ్వు తగ్గుతుంది, షుగర్ అదుపులోకి వస్తుంది.

నడుము కూడా పెరుగుతుంటే డాక్టరుకు వాడుతున్న మందులన్నీ చూపించాలి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర, స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు బరువు పెంచుతాయి. మానేయడం ప్రమాదం, మార్చమని అడగొచ్చు. కీళ్లనొప్పులకని అమ్మే పేరులేని పొడుల్లో స్టెరాయిడ్లు కలిసుండటం మన దేశంలో చాలాసార్లు బయటపడింది, వాటి సంగతీ దాచొద్దు. టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్షతో థైరాయిడ్ లోపం తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లోనే బరువు ఎగబాకి, పాదాలు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడి, ఆయాసం కూడా ఉంటే గుండె, కిడ్నీల సమస్య కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.