"సేవ్ సేసినాను కదా, ఏది మరి?" స్క్రీన్ రీడర్‌తో ఫైళ్లు: అపోహలు - వాస్తవాలు

నాకు చూపు లేదు. విశాఖలో చూపు లేనివాళ్లకి, నడివయసులో చూపు పోయినవాళ్లకి స్క్రీన్ రీడర్‌తో, అంటే తెర మీదున్నదాన్ని గొంతుతో చదివి వినిపించే ప్రోగ్రాంతో, కంప్యూటర్ నేర్పుతుంటాను. కొత్త ల్యాప్‌టాప్ కొన్న వారానికల్లా ఫోన్లు మొదలవుతాయి. టైపింగ్ రాలేదని ఎవరూ చెయ్యరు. ఫైలు కనబడటం లేదని చేస్తారు. (అవును, మేమూ "కనబడటం లేదు" అనే అంటాం.)

అపోహ: స్క్రీన్ రీడర్ పెడితే తెర మీదున్నదంతా అదే చదివేస్తుంది.

మనం ఎక్కడ ఆగితే అక్కడిదే చదువుతుంది. చూపున్నవాళ్లు ఫోల్డర్ తెరవగానే ఇరవై పేర్లూ ఒక్కసారే చూస్తారు. మనకి ఒక్కోటే వస్తుంది, కండక్టర్ స్టాపులు పిలిచినట్టు: మద్దిలపాలెం, ఇసుకతోట, వెంకోజీపాలెం. నడుమ కునుకు పడితే ఎక్కడున్నామో తెలీదు. అప్పుడు కంగారుగా ఇంకో నాలుగు కీలు నొక్కకూడదు, అడగాలి. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌లో ఇన్సర్ట్ కీ పట్టుకుని టి నొక్కితే ఏ విండోలో ఉన్నామో, ఇన్సర్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కితే దేని మీద ఉన్నామో చెబుతుంది. నా దగ్గర మొదటి రెండు రోజులూ ఈ రెండే. కొందరికి విసుగొస్తుంది, రానివ్వండి.

అపోహ: నిన్నున్న ఫైళ్లు ఇవాళ మాయమయ్యాయి, కంప్యూటర్‌లో వైరస్ ఉంది.

గాజువాక నుంచి ఒక పెద్దాయన వస్తారు. స్టీల్ ప్లాంట్ స్టోర్స్‌లో చేసి రిటైరయ్యారు, గ్లకోమాతో చూపు పోయింది. ఒకరోజు రాగానే, "ఏటి మాస్టారూ, నిన్న పద్దెనిమిది ఫైళ్లున్నాయి. ఈరోజు నాలుగే సెప్తంది" అన్నారు.

"ఇంట్లో ఎవరైనా ముట్టుకున్నారా, బాబాయ్?"

"మనవడు ఫొటోలు సూసుకున్నాడు."

దొరికింది. ఫొటోలు బాగా కనపడాలని కుర్రాడు ఫోల్డర్‌ని పెద్ద ఐకాన్లలోకి మార్చాడు. అప్పుడు ఫైళ్లు వరుసకి ఐదేసి చొప్పున గళ్లలా పరుచుకుంటాయి. కింది బాణం నొక్కితే పక్క ఫైలుకి పోదు, కింది వరుసకి దూకుతుంది. ఒకటి, ఆరు, పదకొండు, పదహారు: నాలుగే. కుడి బాణంతో నడిపించాను, పద్దెనిమిదీ పలికాయి. తర్వాత కంట్రోల్ షిఫ్ట్ 6 నొక్కించాను. డీటెయిల్స్ వ్యూ వస్తుంది, ఫైళ్లన్నీ మళ్లీ ఒకే నిలువు వరుస. ఆయన కాసేపు ఆగి, "అంటే ర్యాకు నిలువునా దిగిపోనాను గానీ పక్క బిన్నులు తడమలేదన్నమాట" అన్నారు. ఇంతకంటే బాగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను. ఇప్పుడు అందరికీ అదే మాట వాడుతున్నాను.

అపోహ: సేవ్ కొడితే డాక్యుమెంట్స్‌లోనే పడుతుంది.

ఏ డాక్యుమెంట్స్? ఎంవీపీ కాలనీలో ఆరో నంబర్ ఇల్లు అంటే సరిపోదు కదా, ఏ సెక్టారో చెప్పాలి. కొత్త విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, వన్‌డ్రైవ్ (ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచే మైక్రోసాఫ్ట్ క్లౌడ్) బ్యాకప్ ఆన్‌లో ఉంటే, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ లోపలికి వెళ్లి కూర్చుంటాయి. షాపువాళ్లు సెటప్ చేసి ఇచ్చేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ; అది నిండాక కొత్త ఫైళ్లు క్లౌడ్‌లోకి ఎక్కవు. ఫైలు మీద ఉండి ఆల్ట్ ఎంటర్ నొక్కండి, దాని వివరాల పెట్టె (ప్రాపర్టీస్) తెరుచుకుంటుంది. ట్యాబ్‌తో వెళ్తూ లొకేషన్ దగ్గర ఆగండి. సి డ్రైవ్, యూజర్స్, మీ పేరు, ఆ తర్వాత వన్‌డ్రైవ్ అని వస్తే ఫైలు అక్కడుంది. వర్డ్‌లో అయితే మొదటిసారి సేవ్ చేసేటప్పుడు కంట్రోల్ ఎస్ కంటే ఎఫ్12 నయం. ఎక్కడ దాస్తున్నామో పూర్తి సేవ్ యాజ్ పెట్టెలో విని మరీ దాచొచ్చు.

అపోహ: షార్ట్‌కట్‌లు వందల్లో బట్టీ పట్టాలి.

పది చాలు. విండోస్ ఇ (ఫైళ్ల విండో తెరవడానికి), ఎఫ్2 (పేరు మార్చడానికి), కంట్రోల్ షిఫ్ట్ ఎన్ (కొత్త ఫోల్డర్‌కి), ఆల్ట్ పై బాణం (పై ఫోల్డర్‌లోకి వెళ్లడానికి), కట్ కాపీ పేస్ట్, కంట్రోల్ జెడ్ (చేసింది వెనక్కి తీసుకోడానికి)... మిగతావి పని పడ్డప్పుడు వస్తాయి.

అపోహ: డిలీట్ అయినా రీసైకిల్ బిన్‌లో ఉంటుంది.

ఇది నాకే తగిలింది. ద్వారకానగర్‌లో ఒక నెట్ సెంటర్‌లో నా సర్టిఫికెట్ల స్కాన్లున్న పెన్‌డ్రైవ్ పెట్టి, పాతవి తీసేద్దామని డిలీట్ నొక్కాను. ఏదో అడిగింది. పూర్తిగా వినకుండా అలవాటుగా ఎంటర్ కొట్టాను. అది అడిగింది "శాశ్వతంగా తీసెయ్యనా?" అని. పెన్‌డ్రైవ్‌లో తీసింది మామూలుగా రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు. ఎంచుకున్నవాటిలో కొత్త స్కాన్లు కూడా ఉన్నాయి. మళ్లీ స్కాన్ చేయించుకోడానికి మూడు రోజులు తిరిగాను. ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లోవి ముందు కంప్యూటర్‌లోకి కాపీ చేసి, అక్కడ ఒక ఫైలు తెరిచి విన్నాకే ఏదైనా తీస్తాను.

అపోహ: డబ్బు పెట్టి కొన్న స్క్రీన్ రీడరే సరిగ్గా పని చేస్తుంది.

ఎన్‌వీడీఏ ఉచితం. 2006లో ఆస్ట్రేలియాలో మొదలైంది, రాసినవాళ్లకీ చూపు లేదు. నేరేటర్ అనే ఇంకో స్క్రీన్ రీడర్ విండోస్‌తోనే వస్తుంది. కొత్త మెషిన్‌లో కంట్రోల్ విండోస్ ఎంటర్ నొక్కితే మాట్లాడుతుంది. డబ్బు పెట్టి కొనే జాస్ మంచిదే, కానీ ఫైళ్లు సర్దడానికి అది కొనక్కర్లేదు.

అపోహ: ఫైలు పేర్లు ఇంగ్లీషులోనే పెట్టాలి.

తెలుగు యూనికోడ్‌లో పెట్టుకోవచ్చు. చిక్కులు రెండున్నాయి. ఇంగ్లీషు గొంతు తెలుగు అక్షరాలు పలక్కుండా దాటెయ్యొచ్చు, పేరు ఖాళీగా ఉందనుకుంటారు. ఎన్‌వీడీఏలో ఈస్పీక్ ఎన్‌జీ అనే గొంతుల ఇంజిన్‌కి మారి తెలుగు గొంతు పెడితే చదువుతుంది. గొంతు రోబోలా ఉంటుంది, నాలుగు రోజులకి చెవి అలవాటు పడుతుంది. రెండోది, పేరు మొదటి అక్షరాలు కొట్టి ఫైలు దగ్గరికి దూకాలంటే కీబోర్డు కూడా తెలుగులో ఉండాలి, గబగబా కొట్టాలి. ఆగి ఆగి కొడితే ఒక్కో అక్షరానికీ ఒక్కో ఫైలు దగ్గరికి గెంతుతుంది. పెద్దాయన అందుకే ఫోల్డర్లకి ముందు అంకె వేసుకున్నారు: "1 పింఛను", "2 ఆసుపత్రి", "3 మనవడు". అంకె నొక్కితే అక్కడ ఉంటారు. మూడోదానిలో ఏముందని అడిగితే, "ఆడి ఫొటోలు. ఇంక నా ఫోల్డర్ ముట్టుకోడు" అన్నారు.